లేని గడియారం చుట్టూ

"ఒరేయ్, వచ్చేసిందిరా!" అని అరిచాను.

అరిచాక గానీ చూసుకోలేదు, వంటగదిలో మా ఆయన ఒక్కడే లేడని. పొయ్యి ముందు మా అత్తగారు, గుమ్మం పక్క స్టూలు మీద పేపరుతో మా మామగారు. ముగ్గురూ నా వంకే చూస్తున్నారు. మాది కొత్త పెళ్ళి. మా గదిలో మా ఆయన్ని ఏమని పిలిచినా, గుమ్మం దాటితే మాత్రం 'ఏవండీ' అనాలని నాకు నేనే పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. కొత్త కోడలిగా అలా పిలవడం నాకు భలే ముద్దుగా ఉండేది కూడా. ఫోనులో నాలుగు లైన్ల మెయిలు చదివేసరికి ఆ నియమం కాస్తా గాలికి ఎగిరిపోయింది.

"ఏం వచ్చిందే?" అన్నారు అత్తగారు, గరిటె దించకుండానే.

"ఫెలోషిప్ అత్తయ్యా! ఆఖరి రౌండుకి తీసుకున్నారు నన్ను!"

"అది సరే. ఈ 'ఒరేయ్' ఎప్పుడొచ్చింది?"

మామగారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగుతోంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సంతోషమొచ్చినా సిగ్గొచ్చినా ఆయన చెవులకే ముందు తెలుస్తుంది. పెళ్ళయ్యాక నేను కనిపెట్టిన మొదటి సంగతి అది.

"గదిలో ఎప్పట్నుంచో ఉందిలే అమ్మా," అని నసిగాడు.

"ఉంటే గదిలోనే ఉండనివ్వండి. ఇంతకీ ఆఖరి రౌండంటే ఏమిటి? ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

ఇవ్వనట్టే. కానీ అప్పటికి ఆ తేడా నాకు పట్టలేదు. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా పెళ్ళి చేసుకున్నదాన్ని. చదివేది జంతుశాస్త్రం. ఈ ఫెలోషిప్ వస్తే, పరీక్షలు అయిపోగానే ఒక మంచి పరిశోధనశాలలో గైడు దగ్గర చేరి, నా ప్రశ్న మీద నేనే రెండేళ్ళు పని చేసుకోవచ్చు. దేశం నలుమూలల నుంచీ అప్లై చేస్తారు, తీసుకునేది గుప్పెడు మందిని. రాకపోతే, మామగారికి తెలిసిన బీమా ఆఫీసులో ఒక కుర్చీ నా కోసం ఖాళీగా ఉంది. కుర్చీలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఆఫీసులో చీమలుండవు. మందు కొట్టిస్తారు.

నా ప్రశ్న చీమల గురించి.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఉదయం పంచదార డబ్బా తియ్యబోతూ చూశాను. కిటికీ మూల పగులులోంచి సన్నటి నల్లచీమలు బయల్దేరి, గోడ మీదుగా అలమర దాకా వెళ్తున్నాయి. వెళ్ళేవి తిన్నగా వెళ్ళచ్చు కదా! సగం దూరం వచ్చాక కిందికి దిగి, ఉయ్యాల తాడులా వంపు తిరిగి, మళ్ళీ పైకెక్కి పోతున్నాయి. ఆ వంపు దగ్గర గోడ మీద ఏ అడ్డమూ లేదు. ఒక మేకు, దాని కింద గుండ్రంగా, మిగతా గోడ కంటే కాస్త తేటగా ఒక మచ్చ, అంతే.

"అక్కడ గడియారం ఉండేదే," అన్నారు అత్తగారు నేను అడిగితే. "ఆ గోడ మీద అదెప్పుడు సరిగ్గా నడిచి చచ్చింది గనక? బ్యాటరీ మార్చడం, నాలుగు రోజులకి అది మొరాయించడం. విసుగెత్తి ముందు గదిలో పెట్టించాను. అక్కడ మహారాజులా నడుస్తోంది."

ఆ సాయంత్రమే మా ఆయన ఒక పెద్ద భూతద్దం తెచ్చాడు. ఆయన పని చేసేది కళ్ళద్దాల షాపులో. మా పరిచయం మొదలైంది కూడా అక్కడే, నా కళ్ళజోడు ఫ్రేము వంకర పోయిందని వెళ్తే. మళ్ళీ మళ్ళీ వంకర పోయింది లెండి. "కొత్త పెళ్ళికూతుళ్ళు నగలు అడుగుతారంటారు. నువ్వేమో చీమల్ని చూస్తున్నావు. నాకు తోచింది ఇదీ," అని చేతిలో పెట్టాడు. దాని పిడికి నీలం రిబ్బను ముడి వేసి ఉంది. ఆ రిబ్బను నేను ఇప్పటికీ తియ్యలేదు.

భూతద్దంలోంచి చూస్తే అదొక లోకం. ఎదురుపడిన ప్రతి చీమ దగ్గరా ఆగి, ముఖంలో ముఖం పెట్టి, ఏదో కనుక్కుని గానీ కదలవు. అచ్చం మా అత్తగారు మార్కెట్టుకి వెళ్ళినట్టే. అవి నడిచిన చోట వాసన జాడ ఒకటి వదులుతాయనీ, వెనకవి ఆ జాడ పట్టుకునే వస్తాయనీ పుస్తకాల్లో ఉన్నదే. మరి ఈ వంపు? నాకు తట్టింది ఇది: గడియారం ఉన్నన్నాళ్ళూ చీమలు దాన్ని చుట్టి వెళ్ళి ఉంటాయి. గడియారం పోయింది, జాడ మిగిలింది. ఆనాటి చీమలు చచ్చిపోయి ఉంటాయి కూడా. వాటి తరవాతివి, గడియారాన్ని ఎన్నడూ చూడనివి, ఆ లేని గడియారం చుట్టూ తిరిగి వెళ్తున్నాయి. ఇది తట్టిన రోజు నేను పాలు పొంగబెట్టాను. రెండుసార్లు.

ఫెలోషిప్పులకి అప్లై చేసేవాళ్ళని తీర్చిదిద్దే మేడం ఒకావిడ మా కాలేజీలో ఉన్నారు. ఆవిడ చేతిలో పడిన ఏ కాగితమైనా సగం గీతలతో తిరిగొస్తుంది గనక పిల్లలందరూ కొట్టివేతల మేడం అంటారు. నా మొదటి కాగితం 'చిన్నప్పటి నుంచీ నాకు సైన్సంటే ప్రాణం' అని మొదలైంది. "ఈ వాక్యం రాయని పిల్ల నాకింతవరకు తగల్లేదమ్మా," అని దాని మీద అడ్డంగా గీత లాగేశారు. అంతకుముందు ఆవిడకి చూపించకుండా రెండు ఫెలోషిప్పులకి ఆ ప్రాణంతోనే పంపాను. 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని రెండు చోట్ల నుంచీ ఒకే జవాబు వచ్చింది.

"నీకు నిద్ర పట్టనివ్వని సంగతి ఏదైనా ఉందా?" అని అడిగారు మేడం.

కొత్తగా పెళ్ళయినదాన్ని. నవ్వు ఆగలేదు.

"నవ్వకు. పొద్దుటిపూట సంగతైనా పర్వాలేదు," అన్నారు ఆవిడ, నవ్వు దాచుకుంటూ.

అప్పుడు చీమల సంగతి చెప్పాను. చెప్పడం పూర్తయ్యేసరికి ఆవిడ పెన్నుకి మూత పెట్టేసి ఉన్నారు. అలా జరగడం నేను చూడటం అదే మొదటిసారి.

అదీ వెనకటి కథ. ఇప్పుడు వంటగదిలో అత్తగారు నా జవాబు కోసం చూస్తున్నారు.

"ఇంకా ఇవ్వలేదత్తయ్యా. ఎల్లుండి పొద్దున్నే వాళ్ళ కమిటీ మేడం ఒకరు వస్తారు. చూసి, మాట్లాడి, అప్పుడు తేలుస్తారు."

"ఎక్కడికి వస్తారు?"

"ఇక్కడికే."

ఈ ఫెలోషిప్ వాళ్ళ పద్ధతే అంత. ఆఖరి రౌండులో ఎవరినీ ఆఫీసుకి పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టరు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి వాళ్ళే వచ్చి, ఆ చోటు చూసి, అక్కడే మాట్లాడతారు. పావురాల మీద రాసిన ఒకబ్బాయిని కిందటేడు రైల్వే ప్లాట్‌ఫాం మీద ఇంటర్వ్యూ చేశారట.

"ఇక్కడికంటే, ముందు గదిలోకా?"

"కాదత్తయ్యా. వంటగదిలోకి. ఈ గోడ దగ్గరికి."

అత్తగారు పొయ్యి కట్టేశారు. వంటగదిని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కొత్త మనిషి చూసినట్టు చూశారు. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతారు. లోపలి వైపు కుట్టు కూడా పైకి తిప్పి తొడుక్కునేంత నీటుగా ఉండాలనే మనిషి. నూనె జిడ్డూ పొగ మసీ పట్టిన ఆ గోడ మీద ఆవిడ చూపు ఆగింది. నేను ఆ చూపుని అప్పుడే అర్థం చేసుకుని ఉండాల్సింది. కానీ నా కాళ్ళు అప్పటికే నేల మీద లేవు.

"చీమల్ని మాత్రం చంపకండత్తయ్యా!" అని చెప్పి, చెప్పులేసుకుని కాలేజీకి పరిగెత్తాను.

కొట్టివేతల మేడం మెయిలు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎదురు కుర్చీ చూపించారు. "కూర్చో. నేనే కమిటీని. పొగడ్తలన్నీ తరవాత."

మధ్యాహ్నం దాకా ఆవిడ అడగడం, నేను చెప్పడం. చెప్పినదాంట్లో సగం ఆవిడ గాల్లోనే వేలితో కొట్టేశారు. చివరికి ముందుకు వంగి కూర్చున్నారు.

"ఇది మాత్రం తప్పకుండా అడుగుతారు. నువ్వనుకున్నది తప్పయితే ఆ సంగతి నీకెలా తెలుస్తుంది?"

దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "గోడ మీది జాడని సబ్బునీళ్ళతో శుభ్రంగా కడిగెయ్యాలి మేడం. అప్పుడు చీమలు కొత్తగా దారి వెతుక్కోవాలి. గడియారం ఎలాగూ లేదు గనక తిన్నగా వెళ్ళాలి. అప్పటికీ వంపు తిరిగాయంటే నేను తప్పు."

"చాలా బాగుంది. మరి కడిగి చూశావా?"

తల అడ్డంగా ఊపాను.

"ఏం?"

"కడిగితే పోతుంది కదా మేడం. ఎంత ముద్దుగా ఉంటుందో ఆ వంపు."

మేడం నెత్తి కొట్టుకున్నారు. "ఆ వచ్చే ఆవిడ ముందు ఆ 'ముద్దు' మాత్రం అనకు తల్లీ."

ఇంటికి వచ్చేసరికి మెట్ల దగ్గరికే సబ్బు వాసన వచ్చింది. మా ఆయన షాపుకి పూటంతా సెలవు పెట్టాడట. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి, ముక్కు మీద నురగ ఉంది. "కళ్ళు మూసుకో," అన్నాడు. మూసుకున్నాను. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. తడి చేతి వెచ్చదనానికి మురిసిపోతూ నడిచాను.

"ఊఁ, ఇప్పుడు చూడు."

గోడ మెరుస్తోంది. ఆ గోడ రంగు లేత పసుపని నాకు అప్పుడే తెలిసింది. గడియారం మచ్చ లేదు, మిగతా గోడంతా ఇప్పుడు దాని రంగులోనే ఉంది. మేకు ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా తోమినట్టున్నారు.

"ఎలా ఉందే?" అన్నారు అత్తగారు, నడుం పట్టుకుని.

"చీమలేవి?"

"ఒక్క చీమ కూడా చావలేదు! నువ్వు చెప్పి వెళ్ళావుగా. మెత్తటి గుడ్డ ముక్కతో ఒక్కొక్కదాన్నే కిటికీ దగ్గరికి జరిపాం. మీ మావయ్య కాపలా."

"రెండు నా బనీనెక్కాయి. వాటినీ జాగ్రత్తగా దింపాను," అన్నారు మామగారు గర్వంగా.

మేడం గదిలో కూర్చుని నేను నోటితో కడిగిన గోడని, ఇక్కడ వీళ్ళు చేత్తో కడిగేశారు. కిటికీ మూల చీమలు గుంపుగా చేరి, నాలుగడుగులు ముందుకు వేసి, దిక్కు తెలియక వెనక్కి తిరుగుతున్నాయి.

"చాలా బాగుంది అత్తయ్యా," అన్నాను, మేకు వంకే చూస్తూ.

గదిలోకి వెళ్ళాక మా ఆయనకి చెప్పాను. జాడంటే గోడ మీద ఉండేదని, చీమలు బతికున్నా అది పోయిందని, ఎల్లుండి ఆవిడొస్తే చూపించడానికి నా దగ్గర ఒక మేకు మాత్రం ఉందని. ఆయన మంచం మీద కూలబడ్డాడు. చెవులు తెల్లగా పాలిపోయాయి. అలా అవుతాయని నాకు తెలియదు.

"అంటే, మేం ముగ్గురం కలిసి నీ ఫెలోషిప్పుని సబ్బుతో తోమేశామా?"

"ఊఁ," అని ఆయన తడి చొక్కాలోనే ఏడ్చాను. ఏడుస్తూ ఉంటే ఆయన ముక్కు మీది నురగ నా జుట్టుకి అంటుకుంది. అది తలుచుకుని మధ్యలో నవ్వొచ్చింది కూడా.

గుమ్మం అవతల అత్తగారు విననే విన్నారు. "ఒక్క మాట చెప్పి వెళ్ళకపోయావా?" అన్నారు, గొంతు తగ్గించి.

"చంపొద్దన్నాను గానీ కడగొద్దనలేదు. నాదే పొరపాటు అత్తయ్యా."

"గోడ కడగొద్దని ఎవత్తెకి మాత్రం తోస్తుందిలే," అని తనలో తను అనుకుంటూ వెళ్ళిపోయారు. ఆ పూట మిషను చప్పుడు వినిపించలేదు.

మర్నాడు ఉదయం నన్ను లేపింది అత్తగారి కేక.

"వచ్చాయే! నీ చీమలు వచ్చాయే! వంకర తిరిగి మరీ వస్తున్నాయి, లేచి రా!"

జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తాను. నిజమే. పగులులోంచి అలమర దాకా సన్నటి నల్లగీత. సగం దూరంలో కిందికి దిగి, ఉయ్యాల తాడులా వంపు తిరిగి, మళ్ళీ పైకి. నిన్నటి వంపే. భూతద్దం పెట్టి చూశాను. అవే పలకరింపులు, అదే హడావిడి. మా ఆయన దంతాలు తోముకుంటూ వచ్చి, నోటినిండా నురగతోనే నన్ను ఎత్తి ఒక చుట్టు తిప్పాడు. వాళ్ళమ్మ ఎదురుగానే.

"వచ్చాయా?" అని గోడ అవతల నుంచి మామగారు అరిచారు. మా స్నానాలగది వంటగదికి ఆనుకునే ఉంటుంది. మామగారు పొద్దున్నే అందరికంటే ముందు స్నానానికి దూరి, పాటలన్నీ అయ్యేదాకా బయటికి రారు.

"వచ్చాయి! మీరు పాడుకోండి!" అన్నారు అత్తగారు. ఆవిడ ముఖం ఇంత అయింది. "చూశావా, నన్ను మాట పడకుండా కాపాడాయి. రేపు ఆవిడొస్తే అంతా నువ్వు రాసినట్టే ఉంటుంది."

అంతా నేను రాసినట్టే ఉంది. అందుకే నేను కదల్లేకపోయాను.

"ఏమైందోయ్?" అన్నాడు మా ఆయన.

"ఎందుకొచ్చాయి?"

"ఎందుకేమిటి? పంచదార కోసం."

"పంచదార కోసం సరే. వంపు ఎందుకు? జాడ కడిగేశారు. గడియారం లేదు. ఇప్పుడు తిన్నగా వెళ్ళాలి కదా. అప్పటికీ వంపు తిరిగాయంటే నేను తప్పు అని నిన్న మేడంతో నేనే చెప్పాను." భూతద్దం కింద పెట్టేశాను. "నేను రాసిందంతా తప్పు."

గోడ అవతల పాట మాత్రం సాగుతోంది.

మా ఆయన మెల్లిగా అన్నాడు. "గోడ కడిగిన సంగతి ఆవిడకి తెలియదు కదా. చీమలు ఉన్నాయి, వంపు ఉంది, మేకు ఉంది. చూపించెయ్. ఫెలోషిప్ వచ్చాక తీరిగ్గా కనుక్కుందువు గానీ."

ఆ మాటలో మోసం లేదు, నా మీద ఇష్టమే ఉంది. నాకూ ఒక్క క్షణం తియ్యగానే అనిపించింది. కానీ అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని గోడకి దగ్గరగా వంగారు. ఎప్పుడూ చీమల వంక విసుగ్గా తప్ప చూడని మనిషి, ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్ళారు.

"అది కాదురా, మరి ఎందుకు తిరుగుతున్నాయంటావ్? ఇక్కడ ఏమీ లేదే! మేకుని చూసి భయమా?"

"మేకు పైనెక్కడో ఉందమ్మా. గోడ అక్కడ కాస్త ఉబ్బిందేమో."

"ఉబ్బితే నిన్న తోమిన చేతికి తెలియదూ? ఈ చోటే అంత. వెధవ గడియారం కూడా ఇక్కడ నడవలేదు."

ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. గడియారం నడవలేదు. ఇక్కడ నడవలేదు, ముందు గదిలో నడుస్తోంది.

సబ్బు వాసన ఏమైనా మిగిలిందేమో, చీమలకి అది గిట్టడం లేదేమో చూద్దామని, వంపు పైన ఖాళీ గోడకి ముఖం ఆనించాను. సబ్బు వాసన కంటే ముందు నా బుగ్గకి ఇంకొకటి తెలిసింది.

"వెచ్చగా ఉంది!"

మా ఆయన అరచెయ్యి పెట్టాడు. అత్తగారు మోచెయ్యి పెట్టారు, చేతులు తడిగా ఉన్నాయని. ముగ్గురం గోడకి అతుక్కుపోయాం. నేను బుగ్గతోనే కొంచెం కొంచెంగా కిందికి జరిగాను. వెచ్చదనం ఒక చోట ఆగిపోయింది. సరిగ్గా ఆ అంచు వెంటే, నా ముక్కు కింద నుంచి, చీమలు నడిచి పోతున్నాయి.

అవతల పాట ఆగింది. కుళాయి కట్టిన చప్పుడు. అంతలో మామగారు తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చి, మా ముగ్గురినీ చూసి నిలబడిపోయారు.

"గోడకేమైనా జ్వరమొచ్చిందా?"

"మావయ్యా! గీజరు పైపు ఎటు నుంచి వస్తుంది?"

ఆయన కాసేపు ఆలోచించి చేత్తో గాలిలో గీశారు. గీజరు దగ్గర నుంచి కిందికి, గోడ లోపలే మడత తిరిగి, కుళాయికి. మడత ఎక్కడుంటుందో ఆయన వేలు ఆగిన చోటు మేమందరం చూశాం. మేకు కిందే. అప్పటికే గోడ చల్లబడుతోంది. మామగారు కూడా చెంప ఆనించి చూశారు. నలుగురికి ఆ గోడ సరిపోలేదు. మా ఆయన నా వెనక నుంచి తల వంచి చోటు చేసుకున్నాడు.

"అయితే పైపేనంటావా? గడియారం మొరాయించిందీ ఈ వేడికేనా?" అన్నారు అత్తగారు, నా కంటే ఆత్రంగా.

"తెలియదత్తయ్యా. కావచ్చు. కాకపోవచ్చు." తెలియదు అనడంలో ఇంత హాయి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఏడ్చిన కళ్ళు ఇంకా మంటగానే ఉన్నాయి, అయినా పెదాలు చెవుల దాకా సాగిపోతున్నాయి.

కొట్టివేతల మేడంకి ఫోను చేశాను.

"మేడం, నేను తప్పు."

"ఏ విషయంలో?"

"అన్నిట్లోనూ. గోడ కడిగేశారు. వంపు మళ్ళీ వచ్చింది."

"ఎవరు కడిగారు?"

"మా అత్తయ్య."

"ఫెలోషిప్ ఆవిడకి ఇస్తారేమో కనుక్కో." పైపు సంగతంతా చెప్పాను. ఆవిడ నిట్టూర్చారు. "చూడమ్మా. ఆఖరి రౌండు దాకా వచ్చినవాళ్ళందరి దగ్గరా రేపు సమాధానాలుంటాయి. నీ దగ్గర ఒక బకెట్టూ సబ్బూ ఉంటాయి. అది చూసి ముచ్చటపడేవాళ్ళు ఉంటారు, రాసిందే తప్పంటోంది ఈ పిల్ల అని పేరు కొట్టేసి పోయేవాళ్ళూ ఉంటారు. వచ్చే ఆవిడ ఏ రకమో నాకు తెలియదు."

"అయితే చెప్పనా, మాననా మేడం?"

"అది నేను కొట్టే వాక్యం కాదు," అని పెట్టేశారు.

ఆ రోజంతా పుస్తకం ముందు కూర్చున్నాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు. బీమా ఆఫీసు కుర్చీ కళ్ళ ముందు కనిపించింది. దాని మీద గుడ్డ కవరు కూడా. సాయంత్రం మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, భూతద్దం రిబ్బనుని వేలికి చుట్టుకుంటూ అడిగాడు.

"ఏం తేల్చుకున్నావ్?"

"చెప్పేస్తాను."

"పోతే?"

"పోతే పోతుంది. దాచిపెట్టాననుకో, ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంటే నేను అడగడానికి ఉండదు. చీమలకి వెచ్చదనం అంటే పడదా, లేకపోతే ఆ అంచే కావాలా? అది నిర్ణయించేది దారి తీసే మొదటి చీమా, వెనక వచ్చేవా? ఆవిడ జీవితమంతా ఇలాంటివే చూసిందట. ఆ మనిషి మన వంటింటికి వస్తుంటే, అడగకుండా నోరు మూసుకుని ఎలా కూర్చోను చెప్పు?"

ఆయన నన్ను చూసి నవ్వాడు. చెవులు ఎర్రబడ్డాయి. "వంకర పోయిన ఫ్రేము పట్టుకుని షాపులో కూడా ఇలాగే అడిగేదానివి. అద్దం ఎందుకు పెద్దగా చూపిస్తుంది, ఎందుకు తలకిందులుగా చూపిస్తుంది అని. వెనక ఉన్న వాళ్ళందరూ తిట్టుకునేవాళ్ళు."

"నువ్వు తిట్టుకోలేదా?"

"నేనే వంకర చేసి ఇచ్చేవాణ్ణి, మళ్ళీ వస్తావని."

ఈ సంగతి నాకు అంతవరకు తెలియదు! నేను అరవబోతుండగా వంటగదిలోంచి బకెట్టు చప్పుడు వినిపించింది. ఇద్దరం వెళ్ళి చూశాం. అత్తగారు కొంగు బిగించి, సబ్బునీళ్ళ బకెట్టు గోడ కింద పెట్టుకుని, మెత్తటి గుడ్డతో ఒక్కొక్క చీమనే కిటికీ దగ్గరికి జరుపుతున్నారు. మామగారు కాపలా.

"అత్తయ్యా, మళ్ళీ ఎందుకు?"

"ఎందుకేమిటే? ఈ జాడ ఇలాగే ఉంటే, రేపు అవి పైపుని చూసి తిరిగాయో, పాత దారి పట్టుకుని తిరిగాయో నీకెలా తెలుస్తుంది?"

ఆవిడ గుడ్డ పిండి, నడుం నిటారు చేసుకుని, మా ముగ్గురి వైపూ తిరిగారు.

"అందరూ వినండి. రేపు ఆ మేడంగారు వచ్చి వెళ్ళేదాకా ఈ ఇంట్లో ఎవరికీ వేణ్ణీళ్ళు లేవు. గీజరు స్విచ్చి మీద ఎవరి చెయ్యి పడిందో ఆ చేతి సంగతి నేను చూస్తాను. చీమలు బయల్దేరే వేళకి ఆవిడకి గోడ ఎదురుగా కుర్చీ, పక్కన కోడలికి స్టూలు. నేను రాసింది తప్పండీ అని ముందే అది చెప్పేస్తుంది. ఆ తరవాత అందరం కూర్చుని చూద్దాం, పైపు చల్లగా ఉంటే ఎటు పోతాయో."

"మరి నా స్నానం?" అన్నారు మామగారు దీనంగా.

"చన్నీళ్ళు. మామూలు వేళకే వెళ్ళండి, మామూలుగానే పాడండి. నీళ్ళు తప్ప ఇంకేదీ మారకూడదు."